వరసలోంచి జారిపోయిన మనిషి

"ఓ నెగెటివ్ వాళ్ళు ఒగరూ లేరామ్మా? ఇంగోసారి సూడమ్మా," అన్నాడు దుర్గప్ప.

కుల్సుంబీ మళ్ళీ మీట నొక్కింది. తెర మీద మళ్ళీ అదే జవాబు. ఎవరూ లేరు.

1989లో ఆదోనిలో ఆమెకు తెలిసినంతలో కంప్యూటర్ నేర్పే చోటు అదొక్కటే. బజారు వీధిలో మేడ మీద రెండు గదులు, ఒకటే మిషన్. హైదరాబాదులో చదివి వచ్చిన కుల్సుంబీ అక్కడ పాఠాలు చెప్పేది. ఎండాకాలంలో ఆదోనిలోనూ, ఎమ్మిగనూరులోనూ రక్తదాన శిబిరాలు జరిగినప్పుడు, ఇచ్చినవాళ్ళ పేర్లు, వీధులు, గ్రూపులు మిషన్‌లోకి ఎక్కించింది ఆమే. ఆ సంగతి గుర్తుండే ఎమ్మిగనూరు ఆసుపత్రి డాక్టరమ్మ దుర్గప్పను ఇక్కడికి పంపింది. అతని భార్య బసమ్మకు తెల్లారుతూనే కాన్పయింది. బిడ్డ క్షేమమే. తల్లికి మాత్రం చాలా రక్తం పోయింది, ఆమెది ఓ నెగెటివ్. సాయంత్రంలోగా ఎక్కించకపోతే తన చేతిలో ఏమీ లేదంది డాక్టరమ్మ.

"కర్నూలుకే పోతాలేమ్మా," అంటూ దుర్గప్ప తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. కర్నూలు వెళ్ళి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కుల్సుంబీకి కుర్చీలో నిలవబుద్ధి కాలేదు. ఎమ్మిగనూరు శిబిరంలో ఒక బక్కపలచటి మనిషిని చూపించి, "ఈయనది దొరకని గ్రూపు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పడం, అందరూ తిరిగి చూసేసరికి అతను సిగ్గుపడి తల వంచుకోవడం ఆమె కళ్ళారా చూసింది. ఆ వివరం తన చేత్తోనే టైపు చేసింది. మరి మనిషి ఏమైనట్టు?

కిటికీ దగ్గరికి పరుగెత్తింది. "దుర్గప్పన్నా! పోవద్దు! ఒగ్గడియ ఉండు!"

అతను రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుల్సుంబీ తాను రాసిన ప్రోగ్రామును తెరిచి పైనుంచి చదువుకుంటూ వచ్చింది. కొత్తగా నేర్చుకున్న పద్ధతిలో ఒక్కో మనిషినీ ఒక ఆబ్జెక్టుగా, అంటే పేరూ వీధీ గ్రూపూ కలిపి కట్టిన మూటలా చేసి రాసింది. ఫ్లాపీలోని వివరాలను ముందు ఒక సెట్‌లో పోసింది. సెట్ అంటే ఒకేలాంటివి రెండు పట్టని సంచి లాంటిది. రెండు శిబిరాల్లోనూ రక్తమిచ్చినవాళ్ళు రెండుసార్లు రాకూడదని అలా చేసింది. ఆ సెట్‌లో మిగిలినవాళ్ళను ఒక అర్రేగా, అంటే నంబర్ల వారీగా ఒక వరసలో నిలబెట్టింది. మిషన్ వెతికేది ఆ వరసలోనే.

ఇద్దరూ ఒకరేనని మిషన్ దేన్నిబట్టి అనుకుంటుంది? అది రాసిన పంక్తి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

పేరును బట్టి. ఒక్క పేరును బట్టే.

"యా అల్లా," అంది. ఈ సీమలో ఒకే పేరు గలవాళ్ళు ఎంతమంది! మొదట వచ్చినవాణ్ణి ఉంచుకుని రెండోవాణ్ణి సెట్ పారేసింది.

పైన బల్బు ఎర్రబడి మళ్ళీ వెలిగింది. ఆ వేళకు రోజూ కరెంటు పోతుంది.

"ఏమైందమ్మా?"

"మాట్లాడొద్దన్నా."

సెట్‌ను తీసేసింది. ఫ్లాపీలో ఎంతమంది ఉంటే అంతమందినీ తిన్నగా అర్రేలోనే నింపేలా మార్చింది. తొందరలో ఒక అక్షరం తప్పు పడింది, దిద్దింది. మిషన్ గురగురమంటూ చదవసాగింది. దుర్గప్ప గోడకు చెయ్యి ఆనించి తెర వైపే చూశాడు.

మస్తాన్ వలి. ఓ నెగెటివ్. ఎమ్మిగనూరు, మగ్గాల వీధి.

"మీ ఊర్లోనే ఉండాడన్నా!" అని అరిచింది. కాగితం మీద రాసుకుంటుండగానే కరెంటు పోయింది.

ఆసుపత్రికి ఫోను చేస్తే లైను దొరకలేదు. ఇద్దరూ బస్టాండుకు పరుగెత్తి, కదులుతున్న బస్సు ఎక్కారు. మనిషి ఇంట్లో ఉంటాడో, మంత్రాలయమో కోడుమూరో పోయుంటాడో అని కుల్సుంబీ దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

మగ్గాల వీధి మొదట్లో హుసేనమ్మ అనే ముసలామె నూలు చుట్టుకుంటూ కనిపించింది.

"మస్తాన్ వలి ఇల్లు యాడవ్వా?"

"ఏ మస్తాన్ వలి?"

ఆ వీధిలోనూ ఆ పేరు ఒక్కరిదే కాదు. కుల్సుంబీ ఆమె ముందు కూర్చుంది. "సన్నగుంటాడవ్వా. ఎండాకాలంలో నెత్తురిచ్చినాయన."

"ఓ, ఆయప్పా! నెత్తురిచ్చి బిస్కత్తులు తెచ్చుకున్యాడు. అదో, ఆ మూల ఇల్లు."

అతను మగ్గం మీదే ఉన్నాడు. దుర్గప్ప చెప్పింది సగమైనా వినకుండానే లేచి చొక్కా తొడుక్కున్నాడు.

పొద్దు వాలేసరికి బసమ్మ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. దుర్గప్ప వరండాలో కూర్చుని పెద్దగా ఏడ్చాడు.

కుల్సుంబీ అతని పక్కన కూర్చుంది. "దుర్గప్పన్నా, మిషన్ తప్పు కాదు. పొద్దున లేరన్న మాట నా తప్పు."

అతను ముఖం తుడుచుకుని ఆమె వైపు చూశాడు. కోపమో మరొకటో ఆమెకు తెలియలేదు. "నువ్వు పిలవకుంటే నేను కర్నూలు బస్సులో ఉందును," అన్నాడు.

కుల్సుంబీ లోపలికి వెళ్ళేసరికి మస్తాన్ వలి మంచం మీద టీ తాగుతున్నాడు. జరిగింది విని నవ్వాడు. "అంటే ఇన్నాళ్ళూ నేను మీ మిషన్లో లేనే లేనామ్మా?"

"లేవన్నా," అంది కుల్సుంబీ సిగ్గుగా, కలం తీస్తూ. "మీ నాయన పేరు గూడా సెప్పు, రాసుకుంటా."