చెరొక పలక

నా మొగుడు మహానంది, నా తమ్ముడు ఉమేష్. ఇద్దరిలో ఎవరు పెద్ద మూర్ఖుడో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఇద్దరూ కలిసి వడ్రంగం చేసేవాళ్లు. మా అందరికీ కూడు పెట్టేది ఒక పాత రందా మిషను. బీడు ఇనుముతో చేసిన రెండు పలకలు, మధ్యలో తిరిగే బ్లేడు. చెక్కను ముందు పలక మీంచి తోస్తే చదునై వెనక పలక మీదికి వస్తుంది. రెండు పలకలూ సాపుగా ఉంటేనే చెక్క సాపుగా వస్తుంది.

ఆ మిషను వచ్చాకే మేం సుగ్గికి పోవడం మానేశాం. అంతకుముందు మా ఊరు కోసిగి నుంచి ఏటా లారీలో గుంటూరు వైపు పత్తి ఏరడానికి పోయేవాళ్లం. చిన్నప్పుడు ఆ లారీ ఎక్కినదాన్ని మళ్లీ బడి ముఖం చూడలేదు. నా కూతురు పల్లవి ఇప్పుడు తొమ్మిదో తరగతి. అది ఆ లారీ ఎక్కకూడదు. నాకు కావలసింది అంతే.

శ్రావణ సోమవారం ఉమేష్ ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని, కొబ్బరికాయను మిషను పలక మీదే కొట్టాడు. గడప రాయి మీద కొట్టొచ్చు కదా, మావాడికి భక్తి పొంగింది. నీళ్లు తుడవలేదు. తెల్లారేసరికి పలక మీద ఎర్రగా తుప్పు.

"దేవుని నీళ్లకు తుప్పు పడతాదా బావా? నీ కండ్లకే పట్టిండాది" అన్నాడు ఉమేష్.

"నీ మెదడుకు పట్టి శానా ఏండ్లయింది" అన్నాడు మా ఆయన.

చొక్కాలు పట్టుకున్నారు. పెద్దమనిషి గోవిందన్న వచ్చి తీర్పు చెప్పాడు. ముందు పలక ఉమేష్‌ది, వెనక పలక మహానందిది, ఎవరిది వాళ్లు తుడుచుకోవాలి. అలాంటి తీర్పు చెప్పినవాడికి టీ ఇచ్చింది నేనే. అందులో ఉప్పు వేయాల్సింది.

ఉమేష్ జాతరకని ఉరుకుంద పోయి అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ ముసురు పట్టింది. రేకుల సందుల్లోంచి జల్లు కొడుతోంది. మా ఆయన తన పలకను పొడి గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాసి, మైనం రుద్ది, పట్టా కప్పాడు. ఊడ్చిన తడి చెక్కపొట్టంతా ఉమేష్ పలక మీదికి నెట్టాడు. నేను తుడవబోతే చేతిలోని గుడ్డ లాక్కున్నాడు.

"వాని ఇనుము వాడు తుడుసుకుంటాడు. నువ్వు పో."

"రెండూ ఒగే మిషను కదయ్యా."

"గోవిందన్న సెప్పినాడు కదా."

షెడ్డుకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ రోజు ఆయన్ను చూస్తేనే నాకు అసహ్యం వేసింది.

ఉమేష్ గుండు చేయించుకుని వచ్చాడు. పొట్టు తీసి చూస్తే పలక పొక్కులు పొక్కులుగా తుప్పు. కిరోసిన్ పోసి గరుకు కాగితంతో ఓపిగ్గా రుద్దితే పోయేదే. వాడికి ఓపిక ఎక్కడిది? గ్రైండరు తెచ్చి, బావ మీద ఉన్న కోపమంతా ఇనుము మీద చూపించాడు. తుప్పు పోయింది. దానితోపాటు పలకా గుంటలు పడింది.

ఆ తర్వాత ఏ చెక్క తోసినా వంకరే. తలుపులు చేయమన్న ఆసామి వచ్చి చూసి, చెక్కంతా ఆటోలో వేసుకుని ఇంకో అంగడికి పోయాడు. ఆయన ముందే ఇద్దరూ తప్పు నీదంటే నీదని అరుచుకున్నారు. పలకను మళ్లీ సాపు చేయించాలంటే మిషను విప్పి వర్క్‌షాపుకు మోయాలి. ఇద్దరూ చెరో వైపు పట్టుకుంటే కదా. మిగతా పనులూ ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.

దీపావళి దాటగానే సుగ్గి మేస్త్రీ లక్ష్మప్ప ఇంటికి వచ్చాడు. పిలిచింది మా ఆయనే.

"అందరం పోదాం. పల్లవి గూడా రానీ, ఆడ వంటకు పనికొస్తాది" అన్నాడు. ఉమేష్ తల ఊపాడు. శ్రావణం నుంచి వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

నా ఒళ్లు మండిపోయింది.

"లక్ష్మప్పన్నా, వీళ్లిద్దర్నే పిలుసుకోని పో. నేను జిన్నింగు మిల్లులో పనికి మాట్లాడుకున్యా. పాప బడి మానదు."

"బావ పక్కన నేను పండుకోను" అన్నాడు ఉమేష్.

"ఈనిమాదిరోనికి నేను వండి పెట్టను" అన్నాడు మా ఆయన.

లక్ష్మప్ప ఇద్దరినీ చూసి, తల గోక్కుని, అక్కడ ఉండడానికి గుడిసెలు ఎన్ని కావాలని నన్నడిగాడు.

"ఒగటే ఇయ్యన్నా" అన్నాను.