గ్రాఫులో చిన్న బుడిపె

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ తల్లి మాత్రం కీడు ఎంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. కూతురు రావడం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, కుట్టుమిషను మీద కాలు కదిలేది కాదు. అలాంటి మనిషికి, కూతురు పరిశోధనశాలలో పనిచేసేది భాస్వరం ఉన్న పదార్థాలతో అని తెలిసింది. గాలి తగిలితే భాస్వరం భగ్గుమంటుందని ఏడో తరగతి పుస్తకంలో చదివింది. చదువు ఏడుతోనే ఆగింది గానీ, ఆ వాక్యం బుర్రలోంచి పోలేదు.

"అది వేరమ్మా," అని నవ్వేది కూతురు. "ఆరు కర్బనాలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే, ఒకదాన్ని తప్పించి ఆ చోట భాస్వరాన్ని పెట్టారు. ఊడిన గుండీ బదులు నువ్వు ఇంకో గుండీ కుట్టవూ? అలాగే. మండదు, పేలదు."

"మరి దాన్ని నువ్వేం చేస్తావు?"

"ఉప్పులాంటి పొడిలో కలిపి నూరి, గాజుబిళ్ళలా నొక్కుతాను. దాని గుండా పరారుణ కాంతి పంపితే కొంత తాగేస్తుంది. ఎక్కడెక్కడ తాగిందో గ్రాఫులో గీత చెబుతుంది. నక్షత్రాల మధ్య దుమ్ము నుంచి వచ్చే వెలుగులోనూ అలాంటి ఆనవాళ్ళున్నాయి. రెండూ పోలితే, ఈ పదార్థం అక్కడ కూడా ఉందేమో అనుకోవచ్చు."

"అంత దూరంలో ఏముంటే నీకెందుకే అమ్ములూ! ఎదురుగా ఉన్నది పేలకుండా చూసుకో."

చేతి తొడుగులు వేసీ తీసీ కూతురి వేళ్ళు పగిలిపోయాయి. తల్లి కంటికి అవి కాలిన మచ్చల్లా కనిపించాయి. మందుల షాపులో జిడ్డు క్రీము డబ్బా కొని కూతురి సంచిలో వేసింది. మనసు ఊరుకోక, చెప్పకుండా ఒకరోజు పెద్దసారు దగ్గరికి వెళ్ళింది.

కూతురి పరిశోధన నడిపించే పెద్దసారు లేచి నిలబడి కుర్చీ వేశాడు. "కూర్చో చెల్లెమ్మా," అన్నాడు. తోడబుట్టినవాళ్ళు లేని ఆమెకు ఆ పిలుపుతోనే సగం బరువు దిగింది.

"దాన్ని ఆ భాస్వరం దగ్గర్నుంచి తప్పించండి అన్నయ్యగారూ. మీకు పుణ్యముంటుంది."

"అంతేనా? లెక్కలు చేసే బల్ల దగ్గర కూర్చోబెడతాను. పై వాళ్ళకి చూపించడానికి రెండు ముక్కలు రాసివ్వు. ఆరోగ్యం బాగాలేక ప్రయోగం వదిలేస్తోందని రాయి."

"ఆరోగ్యం బాగానే ఉందిగా?"

"ఏదో ఒక కారణం ఉండాలిగా చెల్లెమ్మా. పిల్లకి చెప్పకు, నొచ్చుకుంటుంది."

ఆయన చెబుతుంటే ఆమె రాసింది. గుండ్రని అక్షరాలతో, కింద సంతకం కూడా పెట్టింది. ఆ రాత్రి, చాలా రోజుల తర్వాత, కంటినిండా నిద్రపోయింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కూతురు వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి అచ్చయిన వ్యాసం మొదటి పేజీ. పెద్దసారు పేరుంది, ఆయన మేనల్లుడి పేరుంది, కూతురి పేరు లేదు. రెండోది తల్లి ఉత్తరానికి నకలు.

"నా పేరేదని అడిగితే ఇది చూపించాడు. 'నువ్వే మధ్యలో వదిలేశావు, మీ అమ్మే రాసిచ్చింది' అన్నాడు. అందరి ముందూ." కూతురు ఏడవలేదు. అదే తల్లిని ఎక్కువ భయపెట్టింది. "నాలుగేళ్ళమ్మా. ఆ గీత నేను తీసింది. నాకేం జబ్బు?"

"అన్నయ్యగారు అలా రాయమంటే..."

"అన్నయ్యగారా!" అంది కూతురు. "తడిగుడ్డతో గొంతు కోశాడు. ఆ గుడ్డ తడిపి చేతికిచ్చింది నువ్వు."

తల్లి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళూ రోడ్డునీ, కరెంటునీ, భాస్వరాన్నీ అనుమానించింది. కుర్చీ వేసి చెల్లెమ్మా అన్నవాణ్ణి అనుమానించలేదు.

మర్నాడు మిషను తెరవకుండా ఆయన దగ్గరికి పరుగెత్తింది. ఈసారి ఆయన లేవలేదు.

"నా ఉత్తరం నాకిచ్చెయ్యండి."

"అది ఆఫీసు కాగితమమ్మా."

చెల్లెమ్మ పోయి అమ్మ మిగిలింది. తప్పు సరిదిద్దమని అడిగితే, "పిల్ల ఆరోగ్యం జాగ్రత్త," అని తలుపు వైపు చూశాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు వ్యాసంలోని గ్రాఫు ముందు పెట్టుకుని కూర్చుంది. పెన్సిలుతో ఒకచోట సున్నా చుట్టింది. నిటారుగా ఉన్న ఒక శిఖరం పక్కన, బట్టలో సూది చిక్కుకున్నట్టు, చిన్న బుడిపె.

"ఇదేంటో తెలుసా? నువ్విచ్చిన క్రీము. ఆ రోజు అది రాసుకుని, తొడుగులు వేసుకోకముందే నూరే గిన్నె పట్టుకున్నాను. ఇది జిడ్డు గుర్తు, రేపు మళ్ళీ తీస్తానని సారుకి చెప్పాను. ఆ రేపే నన్ను బల్ల దగ్గరికి మార్చాడు. ఇప్పుడు చూడు, ఈ బుడిపె ఈ పదార్థానికే ప్రత్యేకమట, నక్షత్రాల దుమ్ములో దొరికిన గుర్తుతో కలిసిందట! నాలుగు పేరాలు రాశాడు."

తల్లి ప్రాణం లేచొచ్చింది. "అయితే దొంగ దొరికినట్టే కదా! పై వాళ్ళకి చూపించు."

"చూపిస్తే వ్యాసం మొత్తం పోతుంది. నా గీతా పోతుంది. మురికి చేత్తో పనిచేసిన పిల్ల అని నాకూ పేరొస్తుంది. నేను కావాలనుకున్న పేరు అదేనా అమ్మా?"

వద్దు, ఊరుకో, ఇంకేం చేస్తారో అన్న మాట అలవాటుగా తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కూతురే అంది: "అబద్ధం మీద నా పేరున్నా చూసుకోలేను. ఆ డబ్బా ఇలా ఇవ్వు. శుభ్రమైన బిళ్ళ ఒకటి, ఈ జిడ్డు పూసింది ఒకటి తీస్తాను. పక్క విభాగం మేడంగారు వాళ్ళ పరారుణ కాంతి మిషను ఇస్తానన్నారు."

తల్లి డబ్బా తెచ్చింది. దాంతోపాటు ఒక కాగితం కూడా తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఈసారి చెప్పేవాళ్ళెవరూ లేరు. 'మా అమ్మాయికి ఏ జబ్బూ లేదు. నాకు భయం ఉంది. ఆ భయం చూసి పెద్దసారు చెబుతుంటే నేను అబద్ధం రాశాను.' అక్షరాలు వంకర పోయాయి. కొట్టివేతలున్నా అలాగే ఉంచింది.

కూతురు చదివింది. "తేదీ వెయ్యి," అంది.

వేసింది. కూతురు కాగితాన్నీ డబ్బానీ సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంది. రోజూ గడప దాటేటప్పుడు, 'చేరగానే ఫోన్ చేస్తాలే, భయపడకు,' అనేది. ఆ రోజు అనలేదు. చెయ్యమని అడగడానికి తల్లికి నోరు రాలేదు.