విప్పే చెయ్యి, బిగించే చెయ్యి

అన్నకి విప్పడం వచ్చు. తమ్ముడికి బిగించడం వచ్చు. వాళ్ళ నాన్న పేరుమోసిన కారు మెకానిక్కు. కావాలనే అలా నేర్పాడు. ఇద్దరికీ రెండు పనులూ నేర్పితే పెళ్ళిళ్ళు కాగానే రెండు షెడ్లు పెట్టుకుని కూర్చుంటారని ఆయన భయం. అంత ముందుచూపున్న మనిషికి, సగం సగం విద్యతో కూడా రెండు షెడ్లు పెట్టొచ్చన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఆ ఇంటికో పద్ధతుంది. అన్న ఒక్కో బోల్టూ విప్పి, నేలమీద పరిచిన టెంటు గుడ్డ మీద ఎడమ నుంచి కుడికి వరసగా పెట్టుకుంటూ పోతాడు. తమ్ముడు కుడి చివర మొదలుపెట్టి, తల తిప్పకుండా చెయ్యి చాపి అందుకుని బిగించుకుంటూ వస్తాడు. మధ్యలో మాటలతో పనిలేదు. గుడ్డ ఖాళీ అయిందంటే బండి తయారైనట్టే.

ఆరేళ్ళ కిందట స్కూలు మాస్టారి కారుకీ అలాగే చేశారు. గుడ్డ ఖాళీ అయింది, కారు వెళ్ళింది. రెండో వీధి మలుపులో స్టీరింగు ఒకవైపు, చక్రాలు ఇంకోవైపు తిరిగి, కారు పోయి ప్రహరీగోడని గుద్దుకుంది. మాస్టారి చెయ్యి విరిగింది. చూస్తే స్టీరింగు రాడ్డుకి ఉండాల్సిన నట్టు లేదు. నువ్వు బిగించలేదని అన్న. నువ్వు గుడ్డమీద పెట్టనే లేదని తమ్ముడు. మాటా మాటా పెరిగి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. అన్న ఊరి చివర పాత కార్ల యార్డు పెట్టాడు. తమ్ముడు నాన్న షెడ్డులోనే ఉండిపోయాడు.

గుడ్డమీద నట్టు లేదన్న తన మాటని తమ్ముడు నిజంగానే నమ్మాడు. ఎనిమిది రోజులు నమ్మాడు. తొమ్మిదో రోజు చొక్కా ఉతకడానికి వేస్తూ జేబు తడిమితే నట్టు చేతికి తగిలింది. మాస్టారి కారు బిగిస్తున్న రోజు ఫోను మోగితే చేతిలో ఉన్నది జేబులో పడేసుకుని మాట్లాడొచ్చాడు, అంతే, మర్చిపోయాడు. వెంటనే అన్న దగ్గరికి పరిగెత్తాలి కదా? రేపు చెప్దాంలే అనుకున్నాడు. ఆ రేపు ఆరేళ్ళయింది. తేలు కుట్టిన దొంగలా నట్టుని పేలికలో చుట్టి, పనిముట్ల పెట్టె అడుగు అరలో దాచాడు.

ఇప్పుడు గొడవంతా అతని సొంత కారుతో వచ్చింది. రెండేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా తుప్పు గీకి, అతుకులేసి, రంగు పూసి, పెళ్ళికూతురిలా ముస్తాబు చేశాడు. గేర్‌బాక్సు మాత్రం రెండో గేరు దాటి మూడోదానికి రానంటుంది. ఆ మోడలు తయారీ ఆగిపోయి పదేళ్ళయింది. భార్య నర్సు. సోమవారం నుంచి కొత్త పోస్టు, బస్సులు తిరగని దారిలో ఐదు ఆస్పత్రులు. సొంత బండి ఉంటేనే ఆ పోస్టు, లేకపోతే వరసలో వెనకున్నావిడకి ఇచ్చేస్తారు. అదే మోడలు కారు, వెనక సగం లారీ కింద నుజ్జయింది గానీ ముందు సగం నిక్షేపంగా ఉన్నది, ఒక్కచోటే ఉంది. అన్న యార్డులో.

"మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?" అంది భార్య. అతను స్పానర్లు సర్దడం మొదలుపెట్టాడు. ఆవిడే వెళ్ళింది.

శనివారం పొద్దున్నే అన్న తన లారీ వెనక ఆ కారుని కట్టి లాక్కొచ్చాడు. దిగి, తమ్ముణ్ణి గోడని చూసినట్టు చూసి, మరదలితో అన్నాడు. "అమ్మాయ్, జాకీ ఎక్కడుందో మీ ఆయన్ని చూపించమను."

"బెంచీ కిందుందని చెప్పు," అన్నాడు తమ్ముడు.

"బెంచీ కింద మూడున్నాయి. ఏదో అడుగు."

"ఎర్రదని చెప్పు."

ఇద్దరి మధ్యా రెండు బారల దూరం కూడా లేదు. పావుగంట ఓపిక పట్టి ఆవిడ చేతులెత్తేసింది. "బావగారూ, నేను మనిషిని, మీ ఇద్దరి మధ్య టెలిఫోను తీగని కాదు. మీ మాటలు మీరు మాట్లాడుకోండి." విసురుగా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత షెడ్డులో స్పానర్ల చప్పుడే. అన్న తను తెచ్చిన కారు కింద దూరాడు. తమ్ముడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఎంత ముద్దొచ్చే పనితనం! తుప్పు పట్టి బిగిసిపోయిన బోల్టుని సుత్తితో రెండుసార్లు తట్టి, ఓ నిమిషం వదిలేసి, మళ్ళీ పట్టుకుంటే అదే తిరుగుతుంది. తను విప్పితే తల విరిగి చేతికొచ్చేది. ఈ ఆరేళ్ళలో అలా ఎన్ని విరగ్గొట్టాడో తనకే తెలియదు.

అయితే అన్న గుడ్డ పరవలేదు. విప్పిన బోల్టులన్నీ ఖంగు ఖంగుమని బకెట్లో పడేస్తున్నాడు. గేర్‌బాక్సుని ఇంజనుకి పట్టే బోల్టులు తొమ్మిది. తలలు ఒకేలా ఉంటాయి, పొడవులు వేరు. పొట్టిది ఉండాల్సినచోట పొడుగుది బిగిస్తే గేర్‌బాక్సు పెంకు పగిలి ఊరుకుంటుంది. చివరిది కూడా బకెట్లో పడేసరికి తమ్ముడు ఉండబట్టలేకపోయాడు.

"అన్నయ్యా, గుడ్డ పరవలేదేంటి?"

ఆరేళ్ళ తర్వాత మొదటి మాట. అన్న కారు కింద నుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఆ పని మానేశాన్రా. మాస్టారి నట్టు నేనే ఎక్కడో పారేశాను. నీమీద అరిచాను గానీ, ఇంటికెళ్ళాక ఎంత గుర్తు చేసుకున్నా ఆ నట్టు గుడ్డమీద పెట్టినట్టు గుర్తు రాలేదు. చెయ్యి దారి తప్పిందనుకున్నాను. అందుకే మళ్ళీ రోడ్డెక్కని బళ్ళనే విప్పుతున్నాను. వాటి నట్టు పోతే ఎవడి చెయ్యీ విరగదు. నిన్ను అనవసరంగా అన్నాను. మనసులో పెట్టుకోకు."

తప్పు చేసింది తమ్ముడు. అన్నయ్య క్షమాపణ అడుగుతున్నాడు. 'పోనీలే' అంటే చాలు. అన్న తిరిగొస్తాడు, బండి అవుతుంది, సోమవారం భార్య ఉద్యోగానికి వెళ్తుంది. నోరు విప్పాడో, గేర్‌బాక్సు లారీ ఎక్కడం ఖాయం. ఇంత తేలిగ్గా దొరికే సుఖాన్ని కాదనుకోవడానికి మనిషికి పిచ్చి ఉండాలి. కానీ బంగారంలాంటి ఆ చేతుల్ని ఆరేళ్ళు తుక్కులో పెట్టింది తను.

లేచి వెళ్ళి, అడుగు అరలోంచి పేలిక తెచ్చి, అన్న అరచేతిలో విప్పాడు.

"నా జేబులో ఉండిపోయింది. తొమ్మిదో రోజే దొరికింది. చెప్పలేదు."

అన్న నట్టుని చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. తిడితే బాగుండు, కొడితే ఇంకా బాగుండు అనిపించింది తమ్ముడికి. అన్న లేచి, నట్టు పిడికిట్లో పట్టుకుని బయటికి నడిచాడు. లారీ తలుపు దడాలుమంది. ఇంజను స్టార్టయింది. కిటికీలోంచి భార్య తొంగిచూసింది. తమ్ముడు తలెత్తలేదు.

లారీ కదల్లేదు. చాలాసేపు అక్కడే గుర్రుమంటూ నిలబడి, ఆగిపోయింది. అన్న తిరిగొచ్చాడు. చంకలో మడతపెట్టిన టెంటు గుడ్డ. నాన్న గుడ్డే. ఇన్నాళ్ళూ లారీ సీటు కింద పెట్టుకు తిరిగాడన్నమాట.

"నీ నోరేమైందిరా?" అని అరిచాడు. "ఆరేళ్ళు! నా చేతుల్ని నేనే నమ్మకుండా బతికానురా, వెధవా!" ఆ గొంతు వణకడం తమ్ముడు ఎప్పుడూ వినలేదు, నాన్న పోయినప్పుడు కూడా. ఇద్దరూ ఏడ్చారు. ముందు ఎవరు మొదలుపెట్టారన్నది అనవసరం.

తర్వాత అన్న ముక్కు తుడుచుకుని, గుడ్డ దులిపి నేలమీద పరిచాడు. "బకెట్లోవి ఎలాగూ కలిసిపోయాయి. నీ కారుకి పాత గేర్‌బాక్సు ఇంకా అలాగే ఉందిగా, దాని బోల్టులు వరసగా దించితే వీటి వరస తెలుస్తుంది. ఊఁ, దూరు."

"నేనా? నాకు విప్పడం రాదు కదా."

"నాకు మాత్రం బిగించడం వచ్చా ఏంటి? దూరు. ముందు తట్టు. ఆగు. తొందరపడకు."

శనివారమంతా తమ్ముడు విప్పాడు, ఒక్కటీ విరగలేదు. ఆదివారమంతా అన్న బిగించాడు, ఒక్కో బోల్టుకీ రెండుసార్లు అడిగి మరీ.

సోమవారం పొద్దున భార్య కారెక్కింది. అన్నదమ్ములు గేటు దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డారు. కారు వీధి చివరికి వెళ్ళింది. మొదటి గేరు. రెండోది. ఇంజను చప్పుడు ఒక్క క్షణం తగ్గి, మెత్తగా మళ్ళీ అందుకుంది.

"మూడోది పడింది," అన్నాడు అన్న. జేబులోంచి నట్టు తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "పద. మాస్టారు స్కూలుకి బయల్దేరేలోపు వెళ్దాం. నువ్వే చెప్పాలి."

తమ్ముడు నట్టుని గుప్పిట్లో పట్టుకున్నాడు. "నువ్వూ వస్తావా?"

"రాక? నువ్వు జేబులో పెట్టుకుని మర్చిపోతే?" అని అన్న ముందు నడిచాడు.