వేడిగాలి పెట్టె

మన ఎండలకు కారులో వేడిగాలి పెట్టె ఎవరికి కావాలి? ఎవరో తెల్ల అధికారి ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న కారును, అతడు వెళ్లిపోతూ అమ్మితే, కేతేపల్లి దగ్గరి దొర ఒకడు కొన్నాడు. ముందు అద్దం కింద ఉన్న ఆ పెట్టెను ఒక్కనాడూ నడిపించలేదు. అందుకే డ్రైవరు ఇస్రాయేలు, సంఘం వాళ్లకు చేర్చాల్సిన తూటాల మూటను దానిలో దాచాడు. దొర మీద తిరగబడ్డ సంఘానికి దొర కారులోనే తూటాలు! అక్కడ ఎవరు వెతుకుతారులే అనుకున్నాడు.

అంతలో దొర తల్లికి చలిజ్వరం పట్టుకుంది. నల్లగొండ దవాఖానకు బయలుదేరారు. ముసలమ్మ వెనక సీట్లో గొంగడి కప్పుకొని వణుకుతుంటే దొరకు ఆ పెట్టె గుర్తొచ్చింది. ఊరు దాటకముందే తనే మీట నొక్కాడు. లోపల గుయ్యిమని మూలుగు వినిపించింది గానీ పంకా తిరగలేదు. కాలిన వాసన వచ్చి ఆ మూలుగు కూడా ఆగిపోయింది.

ఇస్రాయేలు కారు ఆపాడు.

"ఏమైందిరా?"

"తీగ కాలిందేమో దొరా. జర చూస్త."

మోటారు మూలిగిందంటే దానికి కరెంటు అందుతున్నట్టే. పంకాకే ఏదో అడ్డం పడింది. ఆ ఏదో ఏమిటో అతనికి తెలియదా! గతుకుల బాటకు మూట జరిగి రెక్కల్లో ఇరుక్కుంది. అయినా తెలియనట్టు బ్యాటరీ చూశాడు, తీగలు లాగి చూశాడు, కాలిపోయిన ఫ్యూజు మార్చాడు. దొర మళ్లీ మీట నొక్కాడు. మళ్లీ అదే మూలుగు; ఫ్యూజు ఇంకోసారి కాలకముందే ఇస్రాయేలు మీట ఆపేశాడు.

"ఇయ్యాల్టికి కాదు దొరా," అన్నాడు ఇస్రాయేలు.

"మా అమ్మ చలికి సస్తాంది. పెట్టె ఇప్పు. నేను గూడ జూస్త."

మూట కంటపడితే దొర ఉండే గడి ముందర కట్టేసి కొడతారు. ఆ తర్వాత పోలీసులకు చేయడానికి పనేమీ మిగలదు. ఇస్రాయేలు వెల్లకిలా పడుకొని తల పెట్టె కిందికి దూర్చాడు. కాళ్లు తలుపులోంచి బయటికి, సరిగ్గా కారు దిగి వంగి చూస్తున్న దొర ముఖం వైపు లేచాయి.

"కాళ్లు నా దిక్కు పెడ్తవురా?"

"నీ బాంచెన్ దొరా, గిట్ల పండితెనే చెయ్యి అందుతది."

దొర ఉమ్మేసి అటు తిరిగాడు. ఆ ఒక్క క్షణంలో మూట పెట్టెలోంచి ఇస్రాయేలు అంగిలోకి వచ్చింది. పంకాను వేలితో తిప్పి చూశాడు. తిరిగింది. పెట్టె బిగించి మీట నొక్కాడు. వెచ్చటి గాలి వచ్చింది.

కారు కదిలింది. పక్క సీట్లో దొర. పొట్టకు ఆనుకొని తూటాలు. స్టీరింగు మీద ఇస్రాయేలు చేతులు నిలవడం లేదు.

"గట్ల వణుకుతవేందిరా? నీకు గూడ జరమా?"

"గా గాలి జరసేపు వాని దిక్కు తిప్పు బిడ్డా, బండి నడిపేటోడు," అంది వెనక నుంచి ముసలమ్మ.

దొర తల్లి మాట జవదాటడు. గాలి వచ్చే పెట్టె మూతిని తన చేత్తోనే తిప్పాడు. వేడిగాలి నేరుగా ఇస్రాయేలు పొట్టకు తగిలింది. వేడికి తూటాలు పేలుతాయో లేదో అతనికి తెలియదు. చెమటలు కారుతున్నాయి, వణుకు మాత్రం తగ్గలేదు.

"దవాఖానల నీకు గూడ సూపిస్త. డాక్టరు ముందర అంగి ఇప్పి నిలబడు," అన్నాడు దొర దయగా.

ఏదైనా అబద్ధం చెబుదామంటే ఒక్కటీ తోచలేదు. చివరికి నోటికి నిజమే వచ్చింది.

"జరం కాదు దొరా. బయమైతాంది."

"ఎవలంటెరా?"

"మీరంటెనే దొరా."

దొర ముఖం విప్పారింది. మీసం దువ్వుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఇన్నవానే అమ్మా! గా సంఘపోళ్లు ఎంత మొత్తుకున్నా మన ఊర్ల బయం ఇంక పోలే."

ఆ సంబరంలో డాక్టరు మాటే మరిచిపోయి, గాలిని మళ్లీ తల్లి వైపు తిప్పేశాడు.