సోమక్క ఒక్కసారే పిలిచింది

సోమక్క మొగుడి పేరు నోటితో అనేది కాదు. అందులో వింతేముంది, ఆ కాలపు ఆడవాళ్లు ఎవరన్నారు గనుక! కానీ సోమక్క పట్టుదల వేరు. రేషన్ దుకాణంలో సేఠు "పతి కా నామ్?" అని అడిగితే పక్కవాళ్ల మొహం చూసేది. పక్కన ఎవరూ లేకపోతే చెవికున్న ముత్యపు పూస ఊపి చూపించి, "గిదే. గిదే పెట్టి ఎనక అయ్య తగిలియ్యి" అనేది. తెలుగు రాని ఆ సేఠు "మోతీలాల్?" అనేవాడు. వెనక లైనంతా ఘొల్లున నవ్వేది. ఇంటికొచ్చి చెప్తే ముత్తయ్య కూడా నవ్వి, "నీ పుణ్యాన నేను సేఠునైతున్నగదే" అనేవాడు.

పామేడు వైపు నుంచి ఇనుప గనుల పనికని వచ్చి, బచేలిలో కొండ కింద గుడిసెలు వేసుకున్నవాళ్లలో వీళ్లొకరు. ముత్తయ్య లారీ నడిపేవాడు. ఎర్రదుమ్ము పట్టి బట్టలన్నీ ఒకే రంగు. సోమక్క ఎంత ఉతికినా తెల్ల పంచె కూడా ఇటుకరాయిలాగే ఆరేది.

పేరు పలకకపోవడం వెనక వాళ్ల ఇంటి ఆనవాయితీ ఒకటుంది. పెళ్లాం మొగుడి పేరు బతుకు మొత్తంలో ఒకే ఒక్కసారి పలుకుతుంది. అతను పోయాక, అతని పేరున వాగు ఒడ్డున రాయి నిలబెట్టే నాడు. పుట్టింటి తమ్ముడు చీర పెట్టి, వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేయాలి. అప్పుడు ఆమె ఎలుగెత్తి పిలవాలి, ఫలానావాడా, యాడున్నవు, రా, అని. పిలిస్తే వస్తాడు. వచ్చినవాడికి బువ్వ పెట్టి, నీళ్లిచ్చి, "ఇగ పో, ఎనక్కి చూడకు" అని సాగనంపాలి. పిలిచాక పొమ్మనడం మరవకూడదు. పొమ్మన్నాక మళ్లీ పిలవకూడదు. పిలిచి ఊరుకుంటే ఆ మనిషి లోపలికీ రాలేడు, బయటికీ పోలేడు, గడపలో నిలబడిపోతాడు. అంతకంటే పెద్ద శిక్ష లేదని సోమక్కకు వాళ్లత్త చెప్పింది. అత్తకు వాళ్లత్త చెప్పింది.

ఆ ఏడు చలికాలం బచేలికి సినిమావాళ్లొచ్చారు.

వాళ్లను తెచ్చింది సోమక్క తమ్ముడు భూషణమే. తమ్ముడంటే తమ్ముడు కాదు, బిడ్డే. వాళ్లమ్మ పోయేనాటికి వాడికి మాటలు రావు. చంకనేసుకుని మోసింది, అంబలి తాగించింది, పెళ్లై వచ్చేటప్పుడు చీరల మూటతోపాటు వాణ్నీ తెచ్చుకుంది. ముత్తయ్య వాణ్ని లారీలో పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవింగ్ నేర్పాడు. ఇప్పుడు భూషణానికి సొంత జీపు. పక్క జిల్లా బీజాపూర్ నుంచి ఎవరొచ్చినా, ఏం కావాలన్నా భూషణాన్నే అడిగేవాళ్లు. హిందీ, హల్బీ, గోండీ, తెలుగు, నాలుగూ నీళ్లలా మాట్లాడేవాడు మరి.

సినిమా కథ సోమక్కకు చెప్పింది పక్కింటి అప్పలకొండమ్మ. శ్రీకాకుళం మనిషి, నోరు కట్టేసుకుని ఉండలేదు.

"ఓలమ్మా, ఫోన్ల మీద కుర్రోళ్లు ఆడతారు సూడు, తుపాకీ ఆటలు, అలాటి ఆటంట. ఒకటైపోతే ఇంకోటి తీసేరంట. ఇప్పుడు దాన్ని సినిమా సేస్తన్నారు. సుక్కల అవతల ఎక్కడో ఎర్ర నేలుందట, మన కొండలాటిదే. అక్కడ గని తవ్వుతారు. తొమ్మిదో సురంగంలో ఏదో ఉంటాది. అది పిలుస్తాది. పిలిస్తే సచ్చిన కూలోళ్లంతా లేచి తిరుగుతారు. నాను సచ్చిన కూలిదాన్నే!"

"నువ్వా! సచ్చినంక కూడా నోరు ముయ్యవా ఏంది?"

"మాటుండదంటే! ఊరికే సెయ్యి సాపి నడవాల. మొకానికి బూడిద రంగు పూసేరు, మా ఆయన తలుపు తీసి మళ్లీ యేసేసినాడు."

సోమక్క కడుపుబ్బ నవ్వింది. అదే ఆఖరి నవ్వు ఆ ఇంట్లో.

ఆ వారమే ముత్తయ్యకు జ్వరం పట్టింది. మలేరియా, తలకెక్కింది. ఆసుపత్రిలో పెట్టారు, సూదులేశారు, వాళ్ల తప్పేం లేదు. తెల్లవారుతుండగా సోమక్క చెయ్యి పట్టుకునే పోయాడు. వాళ్లకొక్కతే కూతురు, సుక్కి, బీజాపూర్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కబురు చేస్తే, ఆ పిల్లకు అమ్మవారు పోసింది అన్నారు. అమ్మవారు ఒంటిమీదున్న పిల్ల చావింట్లో అడుగు పెట్టకూడదు. తండ్రిని చూసుకోలేదు, రాయి నిలబెట్టే నాటికీ రాలేదు. సోమక్క ఏడుపులో సగం దానికే.

రాయి నాడు భూషణం చీర తెచ్చాడు. మంచి చీరే, ఆకుపచ్చది. వెంట ఒక గడ్డపాయన వచ్చాడు. ఆయన చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర ముంగిసను చంపి కట్టినట్టు బొచ్చు బొచ్చుగా ఏదో ఉంది.

"ఎవర్రా?"

"సినిమాలో మైకు పట్టేటాయన అక్కా. మంచోడు. సుక్కి రాలేకపాయె గదా, పాపం, వాళ్ల నాయినను పంపుడు దానికి వినబడదాయె. నువ్వు పిలిచేది గిందులో పట్టి దానికి వినిపిస్త. పిల్లకు జన్మంతా ఉంటది."

సోమక్క ఆ బొచ్చు కర్ర వైపు చూసింది. ఇది తప్పేమో అని మనసులో ఒక మూల పీకింది. కానీ హాస్టల్లో వేపాకుల మీద పడుకున్న పిల్ల కళ్లల్లో మెదిలింది. తమ్ముడి కళ్లు తడిగా ఉన్నాయి కూడా. ఆ తడి అబద్ధమని ఎవరనుకుంటారు!

"దానికొక్కదానికేరా?"

"ఇంకెవరికి అక్కా!"

భూషణం వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. సోమక్క పిలిచింది. కాపురమంతా నోట్లో దాచుకున్న పేరు ఒక్కసారిగా బయటికొచ్చింది. "ముత్తయ్యా! ఓ ముత్తయ్యా! యాడున్నవు, రా!" వాగు అవతల మేస్తున్న ఎడ్లు తలెత్తాయి. ఆ గొంతు తనదేనా అని సోమక్కే ఉలిక్కిపడింది. తర్వాత బువ్వ పెట్టింది, నీళ్లు పోసింది. వంగి, రాయికి మాత్రమే వినబడేట్టు మెల్లగా, "పో. ఎనక్కి చూడకు" అంది.

సుక్కికి నయమైంది. సెలవులకొచ్చింది, పోయింది. ఆ పిలుపు ఏదిరా అని భూషణాన్ని అడిగినప్పుడల్లా, "ఆయన ముంబై పోయిండక్కా, పంపిస్తనన్నడు" అనేవాడు. తర్వాత్తర్వాత జీపు ఆపకుండానే చెయ్యూపి పోయేవాడు. సోమక్క వాణ్నేమీ అనలేదు. వాడికి పనులెక్కువ అనుకుంది.

మరుసటి ఎండాకాలం సినిమా వచ్చింది. పేరు "నౌవీ సురంగ్", అంటే తొమ్మిదో సురంగం. అందులో నటించిన బస్తీవాళ్లందరికీ టౌన్‌షిప్‌లో ఒక హాల్లో మధ్యాహ్నం ఉచితంగా వేశారు. సుక్కి సెలవుల్లో ఇంట్లోనే ఉంది. అప్పలకొండమ్మ జాకెట్ ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చి, సోమక్కను చెయ్యి పట్టి లాక్కుపోయింది.

హాలంతా సందడి. తెర మీద ఎర్ర కొండ కనబడగానే, "మనదే, మనదే!" అని అరుపులు. అంతా గాజు టోపీలు పెట్టుకున్న మనుషులు, నీలం దీపాలు, చుక్కల్లో ఎగిరే బండ్లు. కొండ మాత్రం వాళ్లదే. బూడిద మొహాల కూలీలు లేచి నడుస్తుంటే ఎవరికి వాళ్లు వెతుక్కుంటున్నారు.

"అదిగో నాను! ఆ గుంపులో, ఎడం పక్కన!"

"యాడ? అందరూ నీ లెక్కనే ఉన్నరు."

"నడక సూడవే! నడక నాది కాదా?"

సోమక్క కూడా నవ్వబోయింది. అప్పుడు తెర నల్లబడింది. సురంగం లోపల ఏదో కదిలింది. దానికి మొహం లేదు, నోరొక్కటే ఉంది, బావంత నోరు. అది తెరుచుకుంది.

"ముత్తయ్యా..."

గొంతును లావు చేశారు, సాగదీశారు, అడుగున ఇనుము రాపిడి లాంటిదేదో కలిపారు. అయినా సోమక్కకు తెలిసింది. కడుపులోంచి వచ్చినదాన్ని కడుపు గుర్తుపట్టదా!

"ఓ ముత్తయ్యా... యాడున్నవు... రా..."

ముందు వరస పిల్లలు కెవ్వుమన్నారు. వెనకాలెవరో ఈలేశారు. హిందీవాళ్లు అది దయ్యాల భాష అనుకున్నారు. తెలుగువాళ్లు కొందరు, "అరె, దయ్యం తెలుగు మాట్లాడుతుందిరా!" అని పగలబడి నవ్వారు. సుక్కి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, భయమూ సరదా కలిసిన మొహంతో, "అమ్మా, ఎంత భయంగుందో! నాయిన పేరే పెట్టిండ్రు సూడు" అంది.

తల్లి నోట ఆ పేరు ఎన్నడూ వినని పిల్ల, ఆ గొంతు తల్లిదని ఎలా పోల్చుకుంటుంది!

సోమక్క తెర వైపే చూస్తోంది. ఆ నోరు తెరుచుకున్నప్పుడల్లా రా, రా అని పిలుస్తోంది. పిలిచి మూసుకుంటోంది. పొమ్మని ఒక్కసారి కూడా అనడం లేదు. ఆ మాట తను మెల్లగా అంది కదా, ఆ ముక్క వాళ్లకు పనికిరాలేదు. పిలిచినప్పుడల్లా సోమక్క కళ్ల ముందు ముత్తయ్య, ఎర్రదుమ్ము బట్టలతో, హాలు గుమ్మంలో నిలబడుతున్నాడు. లోపలికి చూస్తున్నాడు. పెళ్లాం పిలిచింది గదా అని వచ్చాడు. కూతురేమో నవ్వుతోంది.

ఆఖర్న పేర్లు పడ్డాయి. సుక్కి ఎగిరి గంతేసింది. "అమ్మా, మామ పేరు! భూషణం అని ఉంది, శబ్దాలు పట్టినోళ్ల కాడ!" హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ బస్తీ నుంచి తెరకెక్కిన పేరు అదొక్కటే.

బయట ఎండలో, టీ బండి దగ్గర భూషణం కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. అందరూ వీపు తడుతున్నారు. సోమక్కను చూడగానే వాడి చేతిలో గ్లాసు ఆగింది.

"అది నాదేనారా?"

"అక్కా, ఇక్కడొద్దు. ఇంటికాడ మాట్లాడుకుందం."

"నాదేనా?"

వాడు తల వంచుకున్నాడు. "అక్కా, వాళ్లు మస్తు మందితోని అరిపిచ్చిండ్రు. ఏదీ కుదరలే. నిజమైన చావు ఏడుపు గావాలె, ఎక్కడన్న దొరుకుద్దా అన్నరు. మా బావ పోయిండు, పిలుపు ఉంటది అని చెప్పిన. తెర మీద నా పేరు ఏస్తమన్నరు."

"అంటే చీర తెచ్చినప్పుడే నీకు తెలుసు."

వాడు గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"భుజం మీద చెయ్యి ఏసినప్పుడు తెలుసు."

"గొంతు మార్చిండ్రక్కా! నీదని ఎవలకు తెలుస్తది?"

"మీ బావకు తెలుస్తది." సోమక్క అరవలేదు. అరిచే గొంతు ఇంకా ఆ హాల్లోనే ఉంది. "నీకు స్టీరింగ్ పట్టుడు నేర్పినోనికి తెలుస్తది. సుక్కికి వినిపిస్తనన్నవు గదరా?"

భూషణం తత్తరపడ్డాడు. నోటికొచ్చింది అనేశాడు. "విన్నది గదక్కా... ఇప్పుడు."

అప్పలకొండమ్మ వాడి చేతిలో గ్లాసు తీసి నేలకేసి కొట్టింది. సుక్కి మామ మొహం వంక, అమ్మ మొహం వంక చూసింది. అప్పటికి అర్థమైంది ఆ పిల్లకు, తను దేన్ని చూసి నవ్విందో. అక్కడే, ఎండలో, మట్టిలో కూలబడిపోయింది.

"దాన్ని తీపిచ్చెయ్యి" అంది సోమక్క.

"ఎట్ల తీస్తరక్కా? దేశమంతా పోయింది. ఆ ఆటలో గూడ పెట్టిండ్రు, ఫోన్లల్ల. ఎవలు ఆడినా..." మధ్యలో ఆపేశాడు. చెప్పాక గానీ వాడికి తెలియలేదు, తనేం చెప్పాడో.

సోమక్క కూతుర్ని లేపింది. ఇద్దరూ ఇంటికి పోలేదు, నేరుగా వాగు ఒడ్డుకు పోయారు. దారిలో మూకుడులో ఇంత అన్నం అడిగి పెట్టించుకున్నారు. రాయి అలాగే ఉంది, సగానికి దుమ్ము పట్టి. సుక్కి పైటతో తుడిచింది.

"నేను పొమ్మంటే ఇగ చెల్లదు బిడ్డా. నా వంతు అయిపాయె. నువ్వను. పేరు వద్దు, నాయినా అను."

సుక్కి అన్నం పెట్టింది. నీళ్లు పోసింది. వెక్కిళ్లతో ఒకటికి రెండుసార్లు ఆగింది.

"నాయినా... నిన్ను పిలిచింది మేము గాదు. పో. ఎనక్కి చూడకు. పిలిచినా చూడకు."

అది విని సోమక్క రాయికి వీపు ఆనించి కూర్చుంది. భుజం మీద చెయ్యి వేసే మనిషి లేడు. తన చెయ్యి తనే వేసుకుంది.

తిరిగొస్తుంటే బస్తీ మొదట్లో ఎవరిదో ఫోను ఒళ్లో పెట్టుకుని ముగ్గురు కుర్రాళ్లు ఆడుతున్నారు. అందులోంచి సన్నగా, దోమ పాటంత, "ముత్తయ్యా... రా..." అని వచ్చింది. సుక్కి వాళ్ల మీదికి పోబోయింది. సోమక్క చెయ్యి పట్టి ఆపింది. పెదవులు కదిలీ కదలకుండా, "పో" అంది సుక్కి. ఆ తర్వాత ఆ పిల్లకు అదే అలవాటైపోయింది. సంతలో, బస్సులో, హాస్టల్లో, ఎక్కడ ఆ పిలుపు వినబడినా ఆమె పెదవులు కదులుతాయి.

కొన్నాళ్లకు భూషణం వచ్చాడు. చేతిలో చీర సంచి. వాకిట్లో చెప్పులు విడిచి, గడప దాకా వచ్చి ఆగిపోయాడు. లోపల సోమక్క చేటలో బియ్యం చెరుగుతోంది. ఆకుపచ్చ చీర ఎప్పుడో ముక్కలై మసిగుడ్డలుగా పొయ్యి పక్కన పడి ఉంది.

"అక్కా."

చేట ఆగలేదు.

"అక్కా! ఓ అక్కా! నేనక్కా, భూషణాన్ని."

నూకలు ఒకవైపు, బియ్యం ఒకవైపు పడుతున్నాయి. సుక్కి తలెత్తి తల్లి వైపు చూసింది. సోమక్క ఒక రాయి ఏరి బయటికి విసిరింది. అది వాడి కాళ్ల దగ్గరే పడింది.

"ఎవలో పిలుస్తున్నట్టుంది బిడ్డా" అంది తాపీగా. "ఆ ఫోన్ల ఆటేనేమో. తలుపెయ్యి."