కోత మధ్యలో

మా ఇంట్లో కొయ్య కోసింది నా భార్య. పేరు కొట్టేసింది నేను. దీని మీద వాదన లేదు.

మా ఊరు మసతేపెలో ఏ ఇంట చూసినా ఊగుడు కుర్చీల పనే. మగవాళ్ళు కోస్తారు, ఆడవాళ్ళు సీట్లు అల్లుతారు. నా కోత వంకర. పెళ్ళైన రెండో ఏడు నేను పాడుచేసిన దేవదారు పలకని ఎర్లిండా సరిచేసి కోసింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆమే కోసింది. పొద్దున్నే బీన్సు పొయ్యి మీద పెట్టి, మా అమ్మకి కాళ్ళు పట్టి, ఉంగరం తీసి మేకుకి తగిలించి, జుట్టు ముడేసుకుని కరెంటు రంపం బల్ల దగ్గరికి వెళ్ళేది. రెండుసార్లు కొలిచేది. బ్లేడు పన్ను ఒక్కటే పలక పైన కనపడేలా దించేది. బ్లేడుకి ఎదురుగా ఎప్పుడూ నిలబడేది కాదు, పక్కకి ఒదిగేది. చివరి జానెడూ చేత్తో కాక కర్రతో నెట్టేది. పాత చెరకు కత్తి ముక్కని బ్లేడు వెనక రెక్కలా బిగించింది. కోసిన సందు మూసుకుపోయి బ్లేడుని నొక్కితే పలక ఎగిరి తంతుంది, ఆ రెక్క ఉంటే సందు మూసుకోదు. ఇవన్నీ ఎవరు నేర్పారో నేను అడగలేదు.

"ఆడది కోసిన కుర్చీ అని తెలిస్తే ఎవడు కొంటాడ్రా?" అంది మా అమ్మ. అందుకని మనాగ్వా నుంచి మా కుర్చీలు కొనే దొన్ ఒర్లాందో లారీ వచ్చినప్పుడల్లా నేను ఈల వేసేవాణ్ణి. ఎర్లిండా రంపం ఆపి, వసారాలోకి పోయి సీటు అల్లిక ముందు కూర్చునేది. నేను చొక్కాకి రంపపు పొట్టు రాసుకుని ఆమె చోటులో నిలబడేవాణ్ణి.

"మరీ అంత రాసుకోకు బెర్నబే," అనేది వెళ్తూ వెళ్తూ. "నేనెప్పుడూ అంత మురికి చేసుకోను."

ఓసారి దొన్ ఒర్లాందో ఆ రెక్కని చూశాడు. "రంపానికి తోకేంటయ్యా? సన్యాసినుల మఠంలో కోస్తున్నావా? పది వేళ్ళూ ఉన్న వడ్రంగిని నేనింతవరకూ చూళ్ళేదు."

ఆ సాయంత్రమే రెక్క ఊడబీకాను.

"నువ్వెలాగూ కొయ్యవు కదా. అది ఉంటే నీకేం అడ్డం?" అంది ఎర్లిండా.

"నలుగురూ నవ్వుతున్నారు."

"నవ్వింది ఒక్కడే."

ఇంకో రెండుసార్లు అడిగింది. నేను ఇవ్వలేదు. ఆ తర్వాత అడగలేదు.

ఒక సోమవారం పొడుగాటి పలక కోస్తోంది. లారీ వచ్చింది. ఈల వేశాను. రాలేదు. మళ్ళీ వేశాను. ఈలోగా దొన్ ఒర్లాందో షెడ్డులోకి నడిచేశాడు.

ఎర్లిండా తల ఎత్తలేదు. "కోత మధ్యలో ఉన్నాను. అయ్యాక మాట్లాడండి."

ఆ మాట ఆమె అప్పటికప్పుడు అన్నది కాదు. చాలా రోజులు లోపల దాచుకుని ఉంటుంది. గొంతు అంత నిదానంగా ఉంది.

"ఏం బెర్నబే, పెళ్ళాంతో కోయిస్తున్నావా?" అని నవ్వాడాయన.

"సరదాకి పట్టుకుంది లెండి," అన్నాను. వెళ్ళి పలక అవతలి కొస పట్టుకుని నా వైపుకి గుంజాను. తిరిగే బ్లేడు మీద పలకని పక్కకి లాగకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. సందు మూసుకుపోయింది. ఆమె పక్కకే నిలబడి ఉంది, కానీ నేను వంచిన పలక ఆ పక్కకే వచ్చింది. డొక్కలో తగిలింది. రక్తం బయటికి రాలేదు.

హినోతెపె ఆసుపత్రికి దొన్ ఒర్లాందో లారీలోనే తీసుకెళ్ళాం. నర్సు కాగితం నింపుతోంది.

"ఏం పని చేస్తారు?"

"ఇంటిపనేనమ్మా," అంది మా అమ్మ.

ఎర్లిండా కళ్ళు తెరిచింది. "వడ్రంగిని. పద్దెనిమిదేళ్ళుగా."

నర్సు పెన్ను ఆగింది. నా వైపు చూసింది. "అవునా అండీ?"

గుమ్మంలో దొన్ ఒర్లాందో టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఎర్లిండా నన్నే చూస్తోంది. అవునన్న ఒక్క మాట చాలు. నేను నేల వంక చూశాను. నర్సు ఇంటిపని అని రాసుకుంది.

ఎర్లిండా గోడ వైపు తిరిగింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మంచినీళ్ళు కూడా నర్సునే అడిగింది. మూడోరోజు పోయింది. మరణపత్రంలోనూ ఇంటిపని అనే ఉంది.

ఆడదానికి రంపమెందుకు, అజాగ్రత్తతో పోయిందంటారు ఊళ్ళో. ఆమె అజాగ్రత్త మనిషి కాదు. ఇది రాసిపెడుతున్నాను. నోరు తెరవాల్సిన చోట తెరవలేదు, ఇప్పుడు తెరిచే హక్కు నాకు లేదు. ఇక ఎవరొచ్చి అడిగినా, మా అమ్మ అడిగినా, పాదిరి అడిగినా, దీని గురించి ఒక్క ముక్క మాట్లాడను.