తల లేని పురుగు

ఆ పొద్దున మబ్బు బీర్‌గావ్ పొగగొట్టాల మీదికి దిగి కూర్చుంది. కురవదు, పోదు. వేసవి గాలివానకు మా ఇంటి కప్పు లేచిపోయాక నేనూ మా ఆవిడ అన్నమ్మా టార్పాలిన్ కిందే ఉంటున్నాం. కొత్త వాసాల కోసం, నేను పనిచేసే భన్‌పురి కోత మిల్లులోనే గుగ్గిలం దుంగలు ఏరి పక్కన పేర్పించుకున్నాను.

ఆ పేర్పు మీదే పురుగు కనబడింది. గోధుమ రంగు, వేలెడు పొడుగు, అంతకంటే పొడుగు మీసాలు. నేను వంగి చూసేలోగా పరదేశి అనే తోటి కూలీ దాన్ని పట్టి తల తుంచేశాడు. తల కింద పడగానే కోడి మింగేసింది.

"అదేం పనిరా?"

"అలవాటైపోయింది బావా."

కిందటేడు గుగ్గిలం అడవికి తొలుచుపురుగు పట్టినప్పుడు వాడు అక్కడికి కూలికి వెళ్లాడు. పట్టిన పురుగులకు తలలు చూపిస్తేనే కూలి. ఇప్పుడు మీసాలున్న పురుగు కనబడితే వాడి చెయ్యి ఆగదు.

మిల్లు సేఠ్ భయపడి, కలప తనిఖీ చేసే కొండలరావుకి కబురు పెట్టాడు. ఆయన బొబ్బిలి వైపు మనిషి. తల లేని ఒంటిని అటూ ఇటూ తిప్పాడు.

"అడవిని తిన్నది ఇదే. పేర్పంతా తగలబెట్టాలి."

"తల లేకుండా ఎలా చెప్పారు సార్?"

"అదే రంగు, అదే సైజు. ఇంకేం కావాలి పాపయ్యా?"

"పరదేశిదీ నా రంగే, నా ఎత్తే. అలాగని వాళ్ళావిడ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

కూలీలు నవ్వారు. పరదేశి నవ్వలేదు.

"మరి ఇదేదో నీకు తెలుసా?" అన్నాడు కొండలరావు.

"తెలీదు. తెలుసని నేననలేదు, మీరన్నారు."

వెళ్లి పేర్పు మీద కూర్చున్నాను. "నిప్పు పెడితే నాతో కలిపి పెట్టండి."

సేఠ్ అరిచాడు. పని పోతుందన్నాడు. నేను దిగలేదు.

కొండలరావు పరదేశి చేత ఒక దుంగ బెరడు లేపించాడు. పొట్టులో ఇంకో పురుగు, ప్రాణంతో.

"తల మీద చెయ్యేశావో!" అన్నాను. పరదేశి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

కొండలరావు తన పెట్టెలోంచి నమూనాగా సూదికి గుచ్చి ఉంచిన తొలుచుపురుగు తీసి, పక్కన పెట్టి, భూతద్దంతో చూశాడు.

"మీసాలు పొట్టి. ఆడదైతే పొట్టిగానే ఉంటాయి. మీసాలకు ముళ్లున్నాయి... ఉన్నట్టే ఉన్నాయి." అద్దం నాకిచ్చాడు.

చూశాను. మా ఇంటి కప్పు ఆ తేడా మీదే ఆధారపడి ఉంది. ఎలా తిప్పినా రెండూ ఒకేలా కనబడ్డాయి.

"నాకూ ఒకటిగానే ఉంది సార్," అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "పచ్చని చెట్టు జోలికి పోకుండా ఎండు కర్రలో మాత్రమే బతికే రకాలూ ఇలాగే ఉంటాయట. వాటి తేడా నాకు రాదు. జబల్పూర్‌లో అడవి పురుగుల మీద పరిశోధన చేసేవాళ్లకు పంపాలి."

"పంపండి. జవాబొచ్చేదాకా దుంగలకు అగ్గిపుల్ల గీయనివ్వను. అదేనని వస్తే నేనే గీస్తాను."

"ఈలోగా లోపలున్నవి ఎగిరిపోతే?"

"కాపలా నేనుంటాను. బెరడు ఇవాళే ఒలిచి కాల్చేద్దాం. దుంగలు మాత్రం ముట్టుకోవద్దు."

కొండలరావు పురుగును సీసాలో వేసి మూత బిగించాడు. సేఠ్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

మధ్యాహ్నం దాకా నేను పేర్పు మీదా, పరదేశీ కొండలరావూ కిందా ఉండి బెరడు ఒలిచాం. అన్నమ్మ క్యారియర్ తెచ్చింది. దిగమంటే నేను దిగలేదు. ఆవిడే దుంగ మీదికెక్కి, అన్నం, ఎండుచేపల పులుసు పెట్టింది. పరదేశి ఎక్కాడు. కాసేపటికి కొండలరావు కూడా బూట్లు విప్పి ఎక్కాడు. అన్నమ్మ ఆయనకూ ఆకు వేసింది. అందరం ఆ దుంగల మీదే కూర్చుని తిన్నాం.